భూతద్దం పిన్ని పెట్టని సంతకం

ఆ ఆసుపత్రికి ఆరంతస్తులని గేటు దగ్గర బోర్డు మీద రాసుంటుంది. అది తప్పు. ఏడోది నేల లోపల ఉంది. లిఫ్టులో ఆ బొత్తాం నొక్కేవాళ్ళు తక్కువ, నొక్కినవాళ్ళలో సగం మంది పొరపాటున నొక్కినవాళ్ళే. పైన ఎంత గొప్ప డాక్టరు ఎంత గొప్ప ఆపరేషన్ చేసినా, వాడిన కత్తెరలూ పట్టకార్లూ నెత్తుటితో ఆ కిందికి రావలసిందే. అక్కడ కడిగించుకుని, ఆవిరిలో ఉడికి, మళ్ళీ పైకి పోవలసిందే. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడకి హాజరు పుస్తకంలో ఒక పేరుంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం లేరు. అంబులెన్సు డ్రైవరు నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ ఆవిడ భూతద్దం పిన్ని.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ బల్ల మీద మెడ వంచిన దీపం ఒకటుంది, దానికి గుండ్రటి భూతద్దం. కడిగొచ్చిన ప్రతి పనిముట్టూ దాని కింద పడుకోవాల్సిందే. మిగతావాళ్ళు పది నిమిషాల్లో తేల్చేసే ట్రేకి ఆవిడకి పాతిక నిమిషాలు పడుతుంది. "పిన్నీ, అది పెళ్ళికొడుకు కాదు, పట్టకారు. అంత పరీక్షగా చూడక్కర్లేదు" అని పక్కవాళ్ళు నవ్వేవారు. "పెళ్ళికొడుకైతే ఇంత చూడను. వాడు బాగోకపోతే నా ఒక్కదాని ఖర్మ. ఇది బాగోకపోతే ముక్కూ మొహం తెలియనివాళ్ళ కడుపులోకి పోతుంది" అనేది ఆవిడ. నోరు చూశారుగా! ఆవిడకి ఉన్న బలమూ అదే, ఆవిడ తెచ్చుకునే తంటాలన్నీ కూడా దానివల్లే.

ఆ చూపు మాత్రం పుట్టింటిది. తండ్రికి సైకిల్ రిపేరు షాపుండేది. ఒక గది, గోడ నిండా వేలాడే చక్రాలు, నేలంతా గ్రీజు. ఆయన పంక్చర్లు వేస్తుంటే ఈవిడ బ్రేకు తీగలు చూసేది. "బ్రేకు తీగ ఒక్కసారిగా తెగదమ్మా. ముందు ఒక్క పోగు లేస్తుంది. ఆ పోగు దగ్గరే పట్టుకున్నావా, నువ్వు మెకానిక్కువి. పట్టుకోలేదా, రోడ్డు మీద ఎవడి పళ్ళో రాలతాయి" అని ఆయన చెప్పేవాడు. ఈవిడ కళ్ళు మూసుకుని తీగ మీద వేలు జరిపి, ఎక్కడ గుచ్చుకుందో అక్కడ ఆపేది. తొమ్మిదో తరగతితో చదువాగింది గానీ ఆ వేలు మాత్రం ఆగలేదు.

పెళ్ళయింది. భర్త సిటీ బస్సు కండక్టరు. రోజంతా వెయ్యిమందితో అరిచి అరిచి ఇంటికొచ్చాక గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. ఆయనకి తల్లికంటే ఎక్కువ ఒకావిడ ఉంది: అక్కగారు. టైపు నేర్పే స్కూలు పెట్టి, ఒంటిచేత్తో నడిపి, తమ్ముణ్ణి చదివించి, మనిషిని చేసింది. వీధిలో అందరూ టైపు టీచరమ్మ అనేవారు. తప్పు కొట్టినవాళ్ళ వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చేది. ఇంట్లో కూడా స్కేలు చేతిలో లేదన్న మాటే గానీ ధోరణి అదే. ఇలాంటి ఆడపడుచూ, అలాంటి మరదలూ ఒక కొంపలో చేరితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అయ్యేదేదో పదకొండేళ్ళ క్రితం అయింది. అత్తగారు పోయిన నెలకి టీచరమ్మ వచ్చి, తల్లి వాడిన కుట్టుమిషన్‌ని రిక్షాలో వేయించుకుని వెళ్ళబోయింది. మాట వరసకైనా అడగలేదు. చుట్టాలు నలభైమంది చూస్తుండగా పిన్ని గుమ్మంలో నిలబడి, "తీసుకెళ్ళండి వదినా, మీ అమ్మదే. కానీ ఆ మిషన్ మీద మీ అమ్మకి ఆఖరి ఆరేళ్ళూ బట్టలు కుట్టింది నేను. ఒక్క మాట అడిగితే మీ తలేమైనా తెగిపడేదా?" అంది. టీచరమ్మ మిషన్ని అక్కడే దింపించి, రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది. అంతే. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. మధ్యలో ఆయన నలిగిపోయాడు, పాపం. అక్కని చూడ్డానికి ఒక్కడే వెళ్ళేవాడు, ఒక్కడే వచ్చేవాడు, రెండు చోట్లా నీళ్ళు నమిలేవాడు.

ఇదిలా ఉండగా, నాలుగేళ్ళ క్రితం ఆసుపత్రికి రోబో వచ్చింది. నాలుగు చేతులు, ఒక్కో చేతి చివర వేలెడంత లేని మణికట్టు. సర్జన్ పక్కనే ఒక డబ్బాలో మొహం పెట్టుకుని కూర్చుని వేళ్ళు కదిపితే, ఆ మణికట్లు మనిషి కడుపులో చిన్న చిల్లుల్లోంచి అలాగే కదులుతాయి. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన ఒక పనిముట్టు విప్పి చూపించాడు. మణికట్టులో సన్నటి ఇనుప తీగలు, చిన్న చిన్న కప్పీల మీదుగా పోతున్నాయి. ఒక్కో తీగలో వెంట్రుకకంటే సన్నని పోగులు బోలెడు. పిన్ని చూసి, "ఓసి ఇంతేనా, ఇవి బ్రేకు తీగలేగా!" అంది. గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "అవునమ్మా, అంతే" అన్నాడు.

ఆ పనిముట్లకి ఆయుష్షు లెక్కుంటుంది. ఇన్నిసార్లే వాడాలని కంపెనీ వాళ్ళు పెడతారు, ఎన్నయ్యాయో రోబో తనే లెక్కపెట్టుకుంటుంది, లెక్క నిండితే ఇక ముట్టదు. ఇక్కడే అందరూ పప్పులో కాలేసేవారు. లెక్క మిగిలుందంటే పనిముట్టు బాగున్నట్టే అనుకునేవారు. కింద గదిలో ఇన్‌చార్జి కూడా అంతే. మంచివాడే, కానీ తెర మీద అంకె కనిపిస్తే చాలు, వస్తువు వంక చూడడు. పిన్ని మాత్రం ప్రతి మణికట్టునీ నాలుగు పక్కలకీ వంచి, నోరు తెరిపించి, మూయించి, దూది పింజతో తుడిచి, అద్దం కింద చూసేది. ట్రేతోపాటు ఒక కాగితం పోవాలి, దాని మీద చూసినవాళ్ళ సంతకం ఉండాలి. సంతకం లేని ట్రే పైకెక్కదు. అది ఆ గది పద్ధతి.

ఒకరోజు భర్త డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్క కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురదంటోంది. స్కాన్ తీశారు. క్లోమంలో కణితట."

పిన్నికి అది కొత్త మాట కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట ట్రేల మీద చీటీల్లో చూస్తోంది. క్లోమమంటే కడుపు వెనకాల, వెన్నుకి ఆనుకుని దాక్కునే మెత్తటి అవయవం. దాని తల దగ్గర కణితి వస్తే, ఆ తలా, పక్కనున్న పేగు ముక్కా, పైత్యం గొట్టం కొంతా తీసేసి, మిగిలినవన్నీ మళ్ళీ పేగుకి అతికించాలి. మూడు అతుకులు. అందులో క్లోమానికీ పేగుకీ వేసే అతుకే ప్రాణం మీదకి తెచ్చేది. తడిసిన స్పాంజిలాంటి దానిమీద వెంట్రుకంత దారంతో కుట్టాలి. కుట్టు లీకైతే క్లోమంలో ఊరే రసం లోపలి కండనే అరిగించేస్తుంది.

"మా ఆసుపత్రికే తీసుకురండి. రోబో డాక్టరుకి చూపిద్దాం" అంది పిన్ని.

"నువ్వు... అక్కకి..."

"మాటలేగా లేవు, ఆవిడ మీద పగ లేదు. తీసుకురండి."

రోబో డాక్టరంటే ఆ యంత్రం మీద కూర్చునే పెద్ద సర్జన్. చేతి వేళ్ళు పొడుగు, నోటి మాటలు పొట్టి. టీచరమ్మని చూసి, పచ్చదనం తగ్గించడానికి ముందు ఒక గొట్టం వేయించి, మూడు వారాలాగి ఆపరేషన్‌కి రోజు పెట్టాడు. ఇంట్లో మళ్ళీ గోల మొదలైంది. "మిషన్ కోస్తుందట! కరెంటు పోతే?" అని భర్త బెంగపడ్డాడు.

"మిషన్ కొయ్యదండీ. డాక్టరు వేలు కదిపితే అది కదులుతుంది, ఆయన ఆగితే ఆగుతుంది. మనిషి చెయ్యి వణుకుతుంది, అది వణకదు. పెద్ద కోత ఉండదు, మీ అక్క తొందరగా లేచి నడుస్తుంది. నడిచిందంటే ఇంకేముంది, మళ్ళీ మనల్నందర్నీ తిడుతుంది" అంది పిన్ని. ఆయన ఆ మాటకి ఏడవలేక నవ్వాడు.

ఆపరేషన్ తొమ్మిదింటికి. ముందు రోజు ఇన్‌చార్జి వచ్చి, "పిన్నీ, రేపు మీ ఇంటి మనిషి కేసట కదా. సెలవు పెట్టుకోరాదూ?" అన్నాడు.

"నేనేమైనా కత్తి పడుతున్నానా బాబూ? కడిగింది చూస్తాను, అంతే. ఆ ట్రే ఇంకొకళ్ళ చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటే నాకు ముద్ద దిగదు."

పొద్దున్న ఆరింటికల్లా వచ్చేసింది. రాత్రి షిఫ్టు వాళ్ళు కడిగి ఆరబెట్టిన పనిముట్లు బల్ల మీద వరసగా ఉన్నాయి. చూసి, పెట్టెలో సర్ది, ఆవిరికి పెట్టాలి. ఒక్కొక్కటే అద్దం కింద పెట్టింది. కత్తెర బాగుంది. పట్టకారు బాగుంది. కాల్చే కొక్కెం బాగుంది. సూది పట్టుకునే చెయ్యి తీసింది. అన్నిట్లోకీ ముఖ్యమైనది అదే, కుట్లన్నీ పడేది దానితోనే. మణికట్టు కుడికి వంచింది, దూది పెట్టి తుడిచింది. ఎడమకి వంచి తుడిచింది. దూది పింజ తీగకి చిక్కుకుంది.

మళ్ళీ తుడిచింది. మళ్ళీ అక్కడే పట్టుకుంది. దీపం దగ్గరికి లాగి, అద్దంలో కళ్ళు పెట్టి చూసింది. కప్పీ పక్కన ఒక్క పోగు పైకి లేచి నిలబడి ఉంది. దాని పక్క పోగు నలిగి నల్లబడింది.

"అయ్యో, ఇవాళేనా!" అంది పైకే.

ఆ రకంవి ఆసుపత్రిలో రెండే ఉన్నాయి. రెండోదానికి మొన్ననే లెక్క నిండిపోయింది, రోబో ముట్టుకోదు. కొత్తవి ఎల్లుండి వస్తాయి. ఇన్‌చార్జి పరుగున వచ్చి తెర మీది అంకె చూశాడు.

"ఇంకా మూడుసార్లు వాడొచ్చని చూపిస్తోంది కదా. మిషన్ ఒప్పుకుంటే మీకేంటి బాధ?"

"మిషన్‌కి కళ్ళు లేవు, నాకున్నాయి. రండి, చూడండి."

ఆయన అద్దంలోకి తొంగి చూశాడు. "ఇదా? ఈ నలుసా? పిన్నీ, దీనికోసం క్లోమం కేసు ఆపుతారా? పైన మత్తు డాక్టరు వచ్చేశాడు, పేషెంటుని బల్ల దగ్గరికి తెస్తున్నారు."

"నలుసు కాదు, తీగ తెగడానికి మొదలు. నేను సంతకం పెట్టను."

"ఆలస్యానికి జవాబు మీరే చెప్పుకోవాలి. రాతపూర్వకంగా."

"చెప్పుకుంటాను. కాగితమివ్వండి."

ఆయన మొహం కందగడ్డయింది. "సరే, కుట్లు మధ్యాహ్నం గానీ మొదలవ్వవు. ఈలోగా ఆపరేషన్ మొదలుపెట్టమంటాను, తర్వాత సంగతి తర్వాత" అని పైకి పోయాడు. పోయినవాడు ఊరుకున్నాడా? బయట బెంచీ మీద కూర్చున్న కండక్టరుతో, "మీ ఆవిడే అడ్డం పడింది, మేమేం చెయ్యం" అని అనేసి వెళ్ళాడు.

అయిదు నిమిషాల్లో భర్త కింద గది దగ్గరికొచ్చాడు. నేల మీద ఎర్ర గీత ఉంది, బయటివాళ్ళు అది దాటకూడదు. గీతకి అవతలే నిలబడి, కిటికీ అద్దంలోంచి చూశాడు. పాతికేళ్ళ కాపురంలో గొంతెత్తని మనిషి గొంతెత్తాడు.

"ఏంటిది? అక్క మూడు వారాలు ఎదురుచూసింది. నిన్నటి నుంచి కడుపులో ఏమీ లేదు. నీ పాత కోపం ఇవాళ తీర్చుకోవాలా? ఇవాళే దొరికిందా నీకు?"

పిన్ని చేతిలో దూది కింద పడింది. ఎవరన్నా పట్టించుకునేది కాదు. ఆయన అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లౌజు వేసుకున్న చేత్తో తుడుచుకోకూడదు కనక అవి మాస్కులోకి కారిపోయాయి.

"మీరు నన్నేమన్నా అనండి. ఇది తెగితే మీ అక్క కడుపులో తెగుతుంది. నేను సంతకం పెట్టను."

"నీ మొండితనం..." అని ఆయన మాట పూర్తి చెయ్యకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో పిన్నికి కూడా అనుమానం వచ్చింది. నిజంగా పోగేనా? లోపల ఎక్కడో మూల పాత కసి ఉండి కళ్ళకలా కనిపిస్తోందా? మళ్ళీ అద్దంలోకి చూసింది. పోగు పోగులాగే ఉంది. కళ్ళు మూసుకుని, కొత్త దూది పింజ తీసుకుని, ఇంకోసారి జరిపింది. అక్కడే పట్టుకుంది. అప్పుడు మనసు కుదుటపడింది.

కాసేపటికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. రోబో డాక్టరు దిగాడు. ఆ ఆసుపత్రిలో చేరిన పన్నెండేళ్ళలో ఆయన ఆ బొత్తాం నొక్కడం అదే మొదలు. వెనకాల ఇన్‌చార్జి. ఆయన టోపీ, గౌను వేసుకుని ఎర్ర గీత దాటి వచ్చి, అద్దం మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఎన్ని పోగులు?"

"ఒకటి లేచింది సార్. పక్కది నలిగింది. తుడిచిన ప్రతిసారీ దూది అక్కడే పట్టుకుంటోంది."

"సార్, ఆపరేషన్ మొదలుపెట్టేస్తే, కుట్ల టైముకి వేరేది..." అన్నాడు ఇన్‌చార్జి.

డాక్టరు నడుం ఎత్తాడు. "రక్తం ఎప్పుడొస్తుందో నాకు చెప్పి రాదు. సూది పట్టే చెయ్యి లేకుండా నేను కడుపులోకి దిగను" అన్నాడు. పిన్ని వైపు తిరిగి, "అవతలి ఆసుపత్రిలో ఇలాంటిది ఉంది. తెప్పిస్తాను. ఎంతసేపు కావాలి?" అని అడిగాడు.

"వాళ్ళు కడిగి పంపినా నేను మొదట్నుంచీ కడగాలి సార్. ఆవిరితో కలిపి మూడు గంటలు."

"పేషెంటుని అడగాలి. అంతసేపు ఆగడమా, వాయిదా వేసుకోవడమా, ఆవిడ ఇష్టం" అని ఆయన వెళ్ళిపోయాడు. పావుగంటకి ఫోను మోగింది. "ఆగుతామన్నారు. పనిముట్టు బయల్దేరింది" అన్నాడాయన. అంతే, పెట్టేశాడు.

వచ్చినదాన్ని పిన్ని పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు కడిగింది. గొట్టంలోకి నీళ్ళు చిమ్మింది, తేటగా వచ్చేదాకా చిమ్మింది. మెత్తటి బ్రష్షుతో మణికట్టు సందులన్నీ తోమింది. ధ్వని తరంగాల అదురుతో మురికి రాల్చే తొట్టిలో ముంచింది. ఆరబెట్టి, అద్దం కింద పెట్టి, దూది జరిపింది. దూది ఎక్కడా ఆగకుండా జర్రున జారిపోయింది. ఆవిరి యంత్రంలోంచి తీసిన పెట్టె చల్లారాక కాగితం మీద సంతకం పెట్టింది. చిన్న లిఫ్టులో పెట్టె పైకి పోతుంటే, "వెళ్ళిరా తల్లీ" అంది. పదకొండున్నరయింది.

రెండింటికి షిఫ్టు అయిపోయింది. పిన్ని కదల్లేదు. ఆపరేషన్ థియేటర్ సిస్టర్ మధ్యమధ్య ఫోను చేస్తోంది. "పిన్నీ, కణితి మొత్తం వచ్చేసింది." తర్వాత గంట నిశ్శబ్దం. "క్లోమం అతుకు మొదలుపెట్టారు." ఆ తర్వాతి నలభై నిమిషాలు పిన్ని బల్ల మీదున్న పట్టకారునే పదిసార్లు తుడిచింది. "అతుకు అయింది. చెయ్యి చెప్పినట్టు వింటోందన్నారు సార్." అప్పుడు వెళ్ళి మొహం కడుక్కుని, పైకెళ్ళి భర్త పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆయన జరిగి చోటిచ్చాడు గానీ మొహం ఇటు తిప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకి రోబో డాక్టరు బయటికొచ్చాడు. నుదుటి మీద ఆ డబ్బా ఒత్తిన గుర్తు.

"మూడు అతుకులూ బాగా వచ్చాయి. రక్తం ఎక్కించే పని పడలేదు. లీకు లేదని మాత్రం అయిదో రోజు దాకా అనను."

కండక్టరు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. పిన్ని ఇంటికెళ్ళి పన్నెండు గంటలు పడి నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, పిన్ని పక్కన పెట్టిన ఆ పనిముట్టుని డాక్టరు అడిగి తెప్పించుకున్నాడు. ఖాళీ థియేటర్లో రోబోకి తగిలించి, ఒక స్పాంజి ముక్క పెట్టి కుట్లు వెయ్యడం మొదలెట్టాడు. ఇన్‌చార్జిని పక్కన నిలబెట్టుకున్నాడు. పది కుట్లు పడ్డాయి. ఇన్‌చార్జి మొహంలో కొంచెం కళ వచ్చింది. పన్నెండు పడ్డాయి. పదమూడో కుట్టుకి సూది తిప్పుతుండగా తీగ టప్పున తెగింది. మణికట్టు వేలాడిపోయింది, సూది స్పాంజిలోనే ఇరుక్కుపోయింది, తెగిన పోగు ముక్క ఒకటి ఎక్కడ పడిందో వెతికినా దొరకలేదు.

"నిన్నటి అతుక్కి ఇరవై రెండు కుట్లు వేశాను" అన్నాడు డాక్టరు.

ఇన్‌చార్జి తిన్నగా కిందికొచ్చాడు. తన చేత్తో టీ కప్పు పట్టుకొచ్చి పిన్ని ముందు పెట్టాడు. ఎర్ర గీత ఇవతల టీ తాగకూడదని రూలు పెట్టింది ఆయనే. "తీసుకుపోండి బాబూ, పని బల్ల మీద టీ ఏంటి?" అని పిన్ని కసిరింది. ఆయన నవ్వి, "రాతపూర్వకంగా అడిగాను కదా. నేనే రాశాను. ఇకమీదట రోబో పనిముట్లకి అంకె చూసి కాదు, మీరు చూశాకే పైకి. మిగతావాళ్ళకి కూడా మీరే నేర్పాలి" అన్నాడు.

ఆ సాయంత్రం భర్త కూడా నోరు విప్పాడు. "నేనన్న మాట నా నాలుక కోసేసుకున్నా పోదు. నన్ను తిట్టు." తిట్టడం పిన్నికి చేతకాని పని కాదు. ఆ రోజు మాత్రం తిట్లు రాలేదు. "నాకు చాలా నొప్పేసిందండీ" అంది. ఆయన తల దించుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఇంత జరిగినా పిన్ని టీచరమ్మ గదికి వెళ్ళలేదు. గాజు తలుపు దగ్గరదాకా రెండుసార్లు వెళ్ళి, వెనక్కొచ్చింది. ఏమని పలకరించాలి? ఆపరేషన్ ఆపిందని ఆవిడ చెవిన ఎవరేం వేశారో? పలకరిస్తే మొహం తిప్పుకుంటే? పనిలో ఎవరికీ జంకని మనిషికి ఆ తలుపు దగ్గర కాళ్ళు రావట్లేదు.

అయిదో రోజు పొద్దున్న థియేటర్ సిస్టర్ మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక కూడా లేదు.

"పిన్నీ! ఆపరేషన్‌లో పొట్ట పక్కన పెట్టిన గొట్టంలోంచి వచ్చే నీళ్ళ రిపోర్టు వచ్చింది. లీకు లేదు! గొట్టం తీసేస్తున్నారు. కణితి అంచులు కూడా శుభ్రంగా ఉన్నాయని రాశారు, అంతా వచ్చేసినట్టే!"

పిన్ని స్టూలు మీద కూలబడింది. గదిలో నలుగురూ చప్పట్లు కొట్టారు. ఒకామె పిన్నిని కావలించుకుని ఊపేసింది. సిస్టర్ ఆయాసం తీర్చుకుని, "ఇంకో మాట చెప్పనా? ఆ రోజు స్ట్రెచర్ మీద మీ వదినగారు ఏమన్నారో తెలుసా మీకు?" అంది.

"ఏమంది?"

"సార్ వచ్చి, పనిముట్టు బాగోలేదని కిందావిడ ఆపింది, నేను చూశాను, ఆవిడ చెప్పింది నిజమే అనిపిస్తోంది, మీరేమంటారని అడిగారు. మీ ఆయన పక్కనే ఉన్నారు, ఆవిడ కావాలనే చేస్తోంది అక్కా అన్నారు. మీ వదినగారు ఆయన్ని ఒక్క చూపు చూసి, 'నోర్ముయ్‌రా. అది నాతో పదకొండేళ్ళు మాట్లాడలేదు. కానీ ఒక్కరోజు కూడా నా వెనకాల నా గురించి చెడు చెప్పలేదు. చెప్పుంటే నా చెవిన పడేది. అది వద్దందంటే వద్దు. సాయంత్రం దాకా అయినా ఇలాగే పడుకుంటాను' అన్నారు. మేమంతా అక్కడే ఉన్నాం."

పిన్ని చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సొంత మొగుడు నమ్మని పూట, పదకొండేళ్ళుగా మొహం చూడని మనిషి తన ప్రాణాన్ని తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. అదీ ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా. ఏడుపైపోయాక గౌను విప్పి, చేతులు కడుక్కుని, లిఫ్టెక్కింది.

టీచరమ్మ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. సన్నబడింది. కళ్ళలో పచ్చదనం పోయి తెల్లగా ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ మరదల్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"అయిదు రోజులు పట్టిందా రెండు మెట్ల వరసలు ఎక్కడానికి?"

"మీరేమంటారోనని భయమేసింది వదినా."

"నీకు భయమా! ఎవరికైనా చెప్పు, నవ్వుతారు. రా, ఇలా కూర్చో." పక్కనున్న స్టూలు కాలితో జరపబోయి, నొప్పేసి ఆగిపోయింది. పిన్ని తనే లాక్కుని కూర్చుంది. పిన్నే ముందు నోరు తెరిచింది.

"ఆ రోజు నా మాట మీద ఆగారటగా. నేను తప్పు చూసుంటే?"

"చూసుంటే చూసుండేదానివి. నువ్వు పొరపాటు చేస్తావేమో గానీ మోసం చెయ్యవు. ఆ మాత్రం తెలియకుండానే ఇన్నేళ్ళు నీతో పోట్లాడానా?" అంటూనే టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి స్కేలు చేతిలో ఉన్నప్పటి మొహమే. "విను. ఎల్లుండి పంపించేస్తారట. మా వీధిలో మేడ మెట్లెక్కలేను. మీ ఇంటికొచ్చేస్తున్నాను. నెలరోజులు. వాడికి కూడా ఇంకా చెప్పలేదు, ముందు నిన్నే అడుగుతున్నాను. రావచ్చా?"

పిన్ని తల ఊపింది. ఇంకోసారి ఊపింది.

"నోటితో చెప్పు."

"రండి వదినా. మీ గది ఈ రాత్రికే సర్దేస్తాను."

"పోట్లాడకుండా ఉంటానని మాత్రం మాటివ్వను."

"మీరు మాటిచ్చినా నేను నమ్మను" అంది పిన్ని. ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతున్నాయని టీచరమ్మ పొట్ట పట్టుకుని, నవ్వుతూనే తిట్టింది.